ఎన్ని కళ్లు? ఎవరి కళ్లు?

సైన్స్ ఫిక్షన్ నవలలు చదివే విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఇవాళ మనలో తక్కువేమీ లేరు. ఇంగ్లీషులో వచ్చిన లావుపాటి నవలలను రాత్రింబవళ్లు చదివి, నలుగురు కూడినచోట వాటిని గూర్చి వాదించుకునేవారిని నేను తరచు చూస్తున్నాను. ఇది సంతోషించవలసిన విషయమే. కాని వారి అభిప్రాయాలు వింటూంటే ఆ సంతోషం నిలవటం లేదు. ముఖ్యంగా ఒక రకం నవలల విషయంలో. ఒకే కథను అయిదారుగురు పాత్రల కళ్లతో, ఒక్కొక్క భాగం ఒక్కొక్కరి వంతుగా చెప్పుకుపోయే నవలలు ఉన్నాయి. వాటిమీద నాకు వినిపించే అభిప్రాయాలు మూడు.

మొదటిది ఎక్కువగా కుర్రవాళ్లది. పాత్రలు అద్భుతంగా ఉన్నాయంటారు. ఫలానా ఆవిడ తమకెంతో నచ్చింది, ఫలానావాడు నచ్చలేదు. నచ్చనివాడి వంతు వచ్చినప్పుడల్లా పేజీలు గబగబా తిప్పేశాం. మధ్యలో రాళ్లూ రప్పలూ, యంత్రాలూ గూర్చిన వర్ణనలున్నాయి, అవి వదిలేశాం అంటారు. రెండోది కొంచెం చదువుకున్న విమర్శకుడిది. ఎవరి కంటికి కనిపించే సత్యం వారిది, రచయిత అందరికీ సమానంగా మైకు ఇచ్చాడు, ఇంతకన్న ప్రజాస్వామికమైన శిల్పం ఏముంటుంది అంటాడాయన. మూడోది మన పాతతరం మిత్రులది. ఈ నేలమీద కూలిరేట్ల గొడవే తేలలేదు, కుజగ్రహం మీద కథలెందుకు. పైగా పదిమంది దృక్కోణాలంటే ఏ పక్షమూ తీసుకోకుండా తప్పించుకోటానికి బూర్జువా రచయిత కనిపెట్టిన ఉపాయమే అని వారు కొట్టిపారేస్తారు.

ఈ మూడూ తప్పే. మూడూ ఒకే తప్పు కావు గాని, మూడింటికీ మూలం ఒకటే. దృక్కోణం అనేది నవలలో ఏ పని చేస్తుంది అని వీరిలో ఎవరూ అడగరు. అది మొదటివారికి పరిచయపత్రం, రెండోవారికి ఓటుహక్కు, మూడోవారికి దాక్కునే పొద. అడగవలసిన ప్రశ్న అడిగితే ఏం తేలుతుందో ఒక నవల పెట్టుకుని చూద్దాం.

కిమ్ స్టాన్లీ రాబిన్సన్ అనే అమెరికన్ రచయిత కుజగ్రహాన్ని గూర్చి మూడు నవలలు రాశాడు: 1992లో 'రెడ్ మార్స్', 1993లో 'గ్రీన్ మార్స్', 1996లో 'బ్లూ మార్స్'. భూమి నుంచి వెళ్లిన మొదటి నూరుమంది శాస్త్రజ్ఞులూ, ఇంజనీర్లూ కుజగ్రహం మీద వలస స్థాపిస్తారు. వెనకనే పెద్ద కంపెనీలు వస్తాయి. ఒప్పందాల మీద వేలాది కార్మికులు వస్తారు. 2061లో తిరుగుబాటు లేస్తుంది, అణగిపోతుంది. తరవాతి రెండు నవలలూ రెండో ప్రయత్నాన్నీ, కొత్త రాజ్యాంగాన్నీ చెబుతాయి. 'రెడ్ మార్స్'లో ఎనిమిది భాగాలు. ఫ్రాంక్ చామర్స్ అనే రాజకీయవేత్త, మాయా అనే నాయకురాలు, నాదియా అనే ఇంజనీరు, మిషెల్ అనే మనస్తత్వ వైద్యుడు, జాన్ బూన్ అనే ప్రజానాయకుడు, ఆన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞురాలు. ఈ ఆరుగురి కళ్లే ఎనిమిది భాగాలకూ కళ్లు. ఫ్రాంక్‌కూ నాదియాకూ రెండేసి వంతులు.

ముందు పాతమిత్రుల సంగతి చూద్దాం. కుజగ్రహం మీద కథ రాయటం పలాయనవాదమని వారనేటప్పుడు సొంత ఇంటి చరిత్ర మరిచిపోతున్నారు. 1908లో, మొదటి రష్యన్ విప్లవం ఓడిపోయిన నిరాశలో, అలెగ్జాండర్ బొగ్దానొవ్ అనే బోల్షివిక్కు 'ఎర్ర నక్షత్రం' అనే నవల రాశాడు. లియొనీద్ అనే రష్యన్ విప్లవకారుణ్ణి కుజగ్రహవాసులు తీసుకుపోయి తమ సామ్యవాద సమాజాన్ని చూపిస్తారు. అక్కడంతా పాలూ తేనే ప్రవహించటం లేదు. వారికీ వనరులు తరిగిపోతున్నాయి. భూమిని ఆక్రమించుకోటానికి మనుషులందర్నీ నిర్మూలించవచ్చునా అనే చర్చ కూడా అక్కడ జరుగుతుంది. ఓడిపోయిన కార్యకర్తలకు గెలుపు తరవాతి సమస్యలను చూపించిన పుస్తకాన్ని పలాయనమని ఎట్లా అంటాం? రాబిన్సన్ తన నవలలో సోషలిస్టు భావాలు మాట్లాడే పాత్రకు అర్కాదీ బొగ్దానొవ్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు.

ఇక అనేక దృక్కోణాల శిల్పం. దీన్ని బూర్జువా రచయిత తప్పించుకోటానికి కనిపెట్టాడన్నది చరిత్రకు విరుద్ధం. అమెరికాలో జాన్ డాస్ పాసస్ 1930, 1932, 1936 సంవత్సరాల్లో మూడు నవలలుగా 'యు. ఎస్. ఎ.' రాసినప్పుడు, పన్నెండుగురు వ్యక్తుల కథలను పక్కపక్కన పెట్టాడు. అచ్చుపని చేసుకుంటూ ఊరూరూ తిరిగే కార్మికుడు మాక్ దగ్గర నుంచి ప్రచార వ్యాపారంలో పైకొచ్చే మూర్‌హౌస్ దాకా ఉన్నారందులో. ఒక్క కథానాయకుడి జీవితంలో పట్టనంత పెద్దది పెట్టుబడిదారీ సమాజం గనక ఆయనకు ఆ శిల్పం అవసరమైంది. ఆయన తరవాతి రోజుల్లో కుడిపక్కకు జరిగాడు. ఐనా ఆ శిల్పం ఎడమపక్కన పుట్టిందన్న వాస్తవం జరగదు. 1968లో జాన్ బ్రన్నర్ అనే ఇంగ్లీషు రచయిత ఆ పద్ధతినే తీసుకుని, జనం కిక్కిరిసిన 2010 నాటి ప్రపంచాన్ని ఊహిస్తూ 'స్టాండ్ ఆన్ జాంజిబార్' రాశాడు. ఆయన అణ్వాయుధ వ్యతిరేకోద్యమంలో పనిచేసినవాడు. ఈ వంశవృక్షం తెలిసినవారు ఇందులో పక్షం తప్పించుకోవటాన్ని చూడలేరు.

పైగా ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరాన్ని మన మిత్రులు అందరికన్న ఎక్కువసార్లు ప్రస్తావిస్తారు. రచయిత అభిప్రాయాలు ఎంత లోపల దాగి ఉంటే రచనకు అంత మంచిదనీ, రాజపక్షపాతి ఐన బాల్జాక్ తన అభిమానాలకు ఎదురు నడిచి వాస్తవాన్ని చిత్రించాడనీ ఆ ఉత్తరం సారాంశం. దాన్ని ఒప్పుకున్నవారు, రచయిత ప్రతి పేజీలోనూ నిలబడి తన పక్షం చాటలేదని ఎట్లా కోప్పడతారు?

రెండో అభిప్రాయం ఇంతకన్న ప్రమాదకరమైనది. ఎందుకంటే అది మనకు నచ్చే మాటల్లో వస్తుంది. ఎవరి సత్యం వారిది అనటం వినటానికి ఉదారంగా ఉంటుంది. కాని కొంచెం ఆలోచించండి. యజమాని సత్యం యజమానిది, కూలివాడి సత్యం కూలివాడిది అని ఊరుకుంటే లాభపడేది ఎవరు? ఆస్తి ఎవరి చేతిలో ఉందో వాడే. సత్యాలన్నీ సమానమని తీర్మానం చేసినంతమాత్రాన బలాలు సమానం కావు.

'రెడ్ మార్స్' ఎవరి సత్యం వారిదని చెబుతోందా? నవల మొదటి భాగం ఫ్రాంక్ కళ్లతో మొదలవుతుంది. జాన్ బూన్ వేదిక మీద మాట్లాడుతుంటే ఫ్రాంక్‌కు కంపరం పుడుతుంది. బూన్ అతని కంటికి నవ్వుముఖం తప్ప లోపల ఏమీ లేని మనిషి. ఆ రాత్రే ఫ్రాంక్ కుట్రవల్ల బూన్ హత్య జరుగుతుంది. తరవాత కథ వెనక్కు పోతుంది. అయిదో భాగంలో బూన్ వంతు వస్తుంది. అతను చచ్చిపోతాడనీ, ఎవరు చంపిస్తారనీ మనకు ముందే తెలుసు. అప్పుడు అతని లోపలికి వెళ్లి చూస్తే అక్కడ ఖాళీ లేదు. ఊరూరా తిరిగి మనుషుల మాటలు వింటూ, ఈ కొత్తలోకం ఎట్లా ఉండాలో తడుముకుంటూ వెతుకుతున్న మనిషి ఉన్నాడు. బలహీనతలున్నాయి, డాంబికం ఉంది, చిత్తశుద్ధి కూడా ఉంది. ఇక్కడ రచయిత ఫ్రాంక్ సత్యం ఒకటి, బూన్ సత్యం ఇంకొకటి అనటం లేదు. ఫ్రాంక్ పొరపాటు పడ్డాడంటున్నాడు. పొరపాటుపడి ఒక ప్రాణం తీయించాడంటున్నాడు. ఒక దృక్కోణం ఇంకొకదాన్ని దిద్దుతోంది. దిద్దగలిగిందంటే రెంటికీ బయట దిద్దటానికి ఆధారమైన వాస్తవం ఒకటి ఉందన్నమాట.

కుజగ్రహం విషయం ఇంకా స్పష్టం. ఆన్‌కు ఆ గ్రహం ఎవరూ చెయ్యిపెట్టకూడని ప్రాచీన శిల. సాక్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడికి అది జీవం పొయ్యవలసిన ఖాళీస్థలం. ఫ్రాంక్‌కు అధికారపు చదరంగంలో బల్ల. కంపెనీలకు గని. కాని గ్రహం వీరెవరి అభిప్రాయానికీ లొంగదు. దాని గాలి పలచన, చలి భయంకరం, ధూళి తుఫానులు నెలల తరబడి. లెక్క తప్పినవాడు ఏ దృక్కోణంలో ఉన్నా చస్తాడు. తిరుగుబాటులో భూగర్భజలాలు బద్దలై మహాలోయలోకి వరద వచ్చినప్పుడు ఫ్రాంక్ కొట్టుకుపోతాడు. ఆ వరదను మనం ఆన్ కళ్లతో చూస్తాం. తాను ప్రేమించిన నేల కళ్లముందే కోసుకుపోతుంటే చూసే మనిషి ఆమె.

బొగ్దానొవ్ పేరెత్తాం గనక ఒకమాట. 'ఎర్ర నక్షత్రం' వచ్చిన మరుసటి సంవత్సరమే, 1909లో, లెనిన్ తన తత్వశాస్త్ర గ్రంథంలో బొగ్దానొవ్ వాదాన్ని తీవ్రంగా ఖండించాడు. వస్తుగతమైన సత్యం అంటే సమాజం కలిసికట్టుగా కూర్చుకున్న అనుభవమే అన్నది బొగ్దానొవ్ ధోరణి. అనుభవించేవాళ్లున్నా లేకున్నా ప్రపంచం ఉంటుందన్నది లెనిన్ వాదం. మంచి బహుదృక్కోణ నవల ఈ వివాదాన్ని కథలో నడిపిస్తుంది. అందరి కళ్లూ కలిపినా ఆ గ్రహం వాటిలో పట్టదు. కాని ఒక్క కన్నుకన్న పది కళ్లకు ఎక్కువ కనిపిస్తుంది. అవి ఒకదాన్నొకటి దిద్దుకుంటేనే సుమా. దిద్దుకోని పది కళ్లు పది గోడలు.

ఇక కుర్రవాళ్ల సంగతి. వారిమీద నాకు కోపం లేదు. పాత్ర నచ్చటం తప్పు కాదు. నవల చదివి మనుషులను ప్రేమించలేనివాడు విమర్శకుడు కావటంకన్న గుమాస్తా కావటం మేలు. కాని నచ్చటంతో ఆగిపోతే నవలను సంబంధాల సంతగా మార్చుకున్నట్టే. నాదియా ఎందుకు నచ్చింది? మంచి మనిషి గనకనా? ఆమె సైబీరియా మనిషి, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా సంగీతం వింటూ పనిచేస్తుంది. ఆమె వంతులో పేజీల తరబడి జరిగేది పని: పెట్టెలు విప్పటం, ఇటుకలు చెయ్యటం, కమానులు కట్టటం, గొట్టాలు అతకటం. ఎవరెవరి ప్రేమలూ, కుట్రలూ ఆమెకు విసుగు. చేతిలో పనిముట్టు ఉంటే చాలు. పనిలోని ఆనందాన్ని లోపలి నుంచి ఇంత తీరికగా చిత్రించిన నవలలు ఎన్ని ఉన్నాయి? ఆ యంత్రాల వర్ణనలు వదిలేసి చదివినవారికి నచ్చింది నాదియా కాదు, నాదియా పేరు పెట్టుకున్న ఇంకెవరో. అట్లాగే ఆ రాళ్లను వదిలేసినవారికి ఆన్ దొరకదు. ఆమె కోపమంతా, దుఃఖమంతా ఆ రాళ్లలో ఉంది. నచ్చని ఫ్రాంక్ పేజీలు తిప్పేసినవారైతే, తెలివీ దక్షతా ఉన్న మనిషి పదవికోసం ఎట్లా కుళ్లిపోతాడో తెలుసుకునే అవకాశం వదులుకున్నారు. అటువంటివారు మన సంఘాల్లో ఉండరా? నచ్చనివాడి లోపలికి మనల్ని బలవంతాన తీసుకుపోవటమే ఈ శిల్పం చేసే ముఖ్యమైన మేలు.

ఇంతవరకు రాబిన్సన్ పక్షాన వాదించాను. కాని ఆయనకు కైమోడ్పు చేసి ఊరుకోటానికి ఇది రాయటం లేదు. అసలు ప్రశ్న ఇక్కడ నుంచే మొదలవుతుంది. కళ్లు ఎవరికి ఇచ్చాడు?

'రెడ్ మార్స్'లో ఆరుగురి కళ్లున్నాయని చెప్పాను. అర్కాదీకి లేవు. ఇంత పెద్ద నవలలో విప్లవం గూర్చి అందరికన్న ఎక్కువ మాట్లాడినవాడు, విప్లవంలో చచ్చిపోయినవాడు, మనకెప్పుడూ బయటి నుంచే కనిపిస్తాడు. నాదియా అతన్ని ప్రేమగా చూస్తుంది, ఇతరులు విసుగ్గా చూస్తారు. ఇది లోపమా? నేను కాదంటాను. అర్కాదీ తలలోకి వెళ్లి ఉంటే ఆ భాగం కరపత్రం అయ్యేది. పని తప్ప రాజకీయం పట్టని నాదియా అతని మాటలు వింటూ, నవ్వుతూ, క్రమంగా వాటి బరువు తెలుసుకుని, చివరకు అతను వదిలిపోయిన భయంకరమైన పనిని తన చేతులతో చేస్తుంది. ఫోబోస్ అనే ఉపగ్రహాన్ని శత్రువుల చేతిలో ఆయుధం కాకుండా పడగొడుతుంది. ఒక భావం ఇంకొక మనిషిలో క్రియగా మారటాన్ని చూపించటానికి ఇంతకన్న మంచి మార్గం లేదు.

అసలు లోపం వేరే ఉంది. నూరుమంది తరవాత వచ్చిన ఆ వేలాది కార్మికులు ఏరీ? గనులు తవ్వినవారు, ఇరుకు గదుల్లో కుక్కబడినవారు, 2061లో ముందుగా లేచినవారు, ముందుగా చచ్చినవారు? వారిలో ఒక్కరి కళ్లతోనైనా ఒక్క భాగమైనా లేదు. తిరుగుబాటును మనం శాస్త్రజ్ఞుల కిటికీల్లోంచి చూస్తాం. తరవాతి నవలల్లో కొత్త కళ్లు వస్తాయి. అక్కడే పుట్టిన నిర్గల్ అనే కుర్రవాడివి, కంపెనీ తరపున రాయబారిగా వచ్చిన ఆర్ట్‌వి. కంపెనీ ఉద్యోగికి కళ్లు దొరికాయి. కంపెనీ కూలివాడికి దొరకలేదు. రచయిత సోషలిస్టు భావాలున్నవాడే. బాల్జాక్ తన అభిమానాలకు ఎదురు నడిచి వాస్తవాన్ని చేరాడు. ఈయన తన అభిమానాలతోపాటు నడుస్తూనే సగం దూరంలో ఆగాడు.

ఇది ఆయన ఒక్కడి జబ్బు కాదు. జేమ్స్ ఎస్. ఎ. కోరీ అనే పేరుతో ఇద్దరు రచయితలు 2011 నుంచి 2021 దాకా తొమ్మిది నవలల 'ఎక్స్‌పాన్స్' వరుస రాశారు. ప్రతి ప్రకరణానికీ ఎవరి కళ్లతో చూస్తున్నామో వారి పేరే శీర్షిక. గ్రహశకలాల మధ్య బతికే శ్రామికజనం అందులో ఉన్నారు. పీల్చే గాలీ తాగే నీళ్లూ వారికి కొనుక్కునే సరుకులు. తక్కువ ఆకర్షణలో పెరిగి వారి ఒళ్లు సాగిపోయింది, వారి భాష వేరైంది. వలసపాలనలో ఉన్న కార్మికవర్గానికి ఇంత మంచి చిత్రం ఈ మధ్య రాలేదు. కాని మొదటి నవలలో ఆ లోకాన్ని మనకు చూపించే కళ్లు ముఖ్యంగా ఎవరివి? ఒకటి భూమి నుంచి వచ్చిన ఓడ అధికారి హోల్డెన్‌వి. రెండోవి మిల్లర్‌వి. ఇతను ఆ శ్రామికజనంలోనే పుట్టాడు గాని, భూమివారి కంపెనీ జీతం తింటున్న పోలీసు. హోల్డెన్ పక్కనే మొదటి నుంచీ ఉన్న నయోమీ ఆ జనంలో పుట్టిన ఇంజనీరు. ఆమె కళ్లు తెరుచుకోటానికి 2015లో వచ్చిన అయిదో నవల దాకా ఆగాలి. శ్రామికుడి గోడు వినాలంటే ముందు పోలీసుస్టేషనుకు వెళ్లాలన్నమాట! ఇది మనకు కొత్తకాదు గాని, నవలలో కూడానా?

ఇక మనకు మరీ దగ్గరైన ఉదాహరణ. రాబిన్సన్ 2020లో 'ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్' రాశాడు. నూటఆరు ప్రకరణాలు. అందులో శరణార్థులు మాట్లాడతారు, పేరులేని సాక్షులు మాట్లాడతారు. సూర్యుడూ, కర్బన పరమాణువూ, మార్కెట్టూ కూడా మాట్లాడతాయి. కళ్ల సంఖ్యతో ప్రజాస్వామ్యం వచ్చేటట్టయితే ఇంతకు మించిన ప్రజాస్వామ్యం లేదు. నవల ఉత్తరప్రదేశ్‌లోని ఒక ఊళ్లో వడగాలితో మొదలవుతుంది. కరెంటు పోతుంది. జనం చెరువులో దిగుతారు. నీళ్లు కూడా ఒంటివేడిని మించి కాగిపోయి ఉంటాయి. తెల్లవారేసరికి ఊరు ఊరంతా చచ్చిపోతుంది. దేశంలో ఆ వడగాలికి రెండు కోట్లమంది చనిపోయారంటాడు రచయిత. ఆ ఊళ్లో ఒక్కడు బతికి బయటపడతాడు. అతను సహాయ సంస్థలో పనిచేసే అమెరికన్, ఫ్రాంక్ మే. ఆ చావులన్నీ మనం చూసింది అతని కళ్లతోనే.

ఆ ప్రకరణం చాలా బలమైనది. దాన్ని చదివి నిద్రపట్టనివారున్నారు. కాని తెలుగు పాఠకుడికి అది వట్టి ఊహ కాదు. 2015 మే నెలలో వచ్చిన వడగాలికి దేశంలో రెండువేలకు పైగా మనుషులు చనిపోయారు. అందులో చాలా ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. ఎండలో పని మానుకోలేని కూలివాళ్లూ, ముసలివాళ్లూ ఎందరో అందులో ఉన్నారు. పని మానితే ఆ పూట గడవదని తెలిసీ పారా పట్టుకుని వెళ్లిన మనిషి తలలో ఏముందో అమెరికన్ సహాయకుడి కళ్లకు కనిపించదు. అతనికి కనిపించేది బాధితుడు. ఆ మనిషికి తాను బాధితుడుగా కాదు, కూలి రావలసినవాడుగా, ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉన్నవాడుగా, మేస్త్రీతో తగువున్నవాడుగా తెలుసు. చావును చూపించటానికి బయటి కన్ను చాలు. ఆ చావుకు కారణం చూపించాలంటే లోపలి కన్ను కావాలి.

రాబిన్సన్‌కు ఈ సంగతి తెలియదనను. అందుకే పేరులేని గొంతులను అన్నింటిని తెచ్చాడు. కాని నవల పొడుగునా మనతో నడిచి, తప్పులు చేసి, మారి, ముసలివాళ్లయ్యే హక్కు ఫ్రాంక్‌కూ, జూరిక్ నగరంలో ఆ సంస్థను నడిపే మేరీకీ దక్కింది. పేరున్నవారికి జీవితం, పేరులేనివారికి వాంగ్మూలం. కోర్టులో సాక్షి కూడా మాట్లాడతాడు. అంతమాత్రాన కోర్టు అతనిదా?

కాబట్టి విద్యార్థి మిత్రులకు నేను చెప్పేది ఇది. ఇటువంటి నవల చదివినప్పుడు ఎన్ని కళ్లున్నాయని లెక్కపెట్టకండి. ఎవరు నచ్చారన్నది ఆఖర్ని చెప్పుకోవచ్చు. ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఈ కళ్లు ఒకదాన్నొకటి దిద్దుతున్నాయా, లేక పక్కపక్కన ఊరికే కూర్చున్నాయా? ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడబడుతున్నారు? చూడబడేవారు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ఒకే వర్గం వారైతే అది ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నలతో చదివితే నవల చప్పబడదు. నాదియా ఇంకా ఎక్కువ నచ్చుతుంది.

పాతమిత్రులకు కూడా ఒకమాట. సైన్స్ నవలను మీరు పలాయనమని విడిచిపెట్టారు. మీరు విడిచిపెట్టిన స్థలంలో ఇతరులు మన చావులను రాస్తున్నారు. మంచిమనసుతోనే రాస్తున్నారు, బయటి నుంచి రాస్తున్నారు. రాబోయే ఎండలను గూర్చి, రాబోయే నీళ్ల తగాదాలను గూర్చి పారా పట్టుకున్న మనిషి కళ్లతో రాసే నవల మనకు కావాలి. ఆ మనిషి పక్కన మేస్త్రీ కళ్లూ, ఇంజనీరు కళ్లూ, కాంట్రాక్టరు కళ్లూ కూడా ఉండనివ్వండి. అవి ఒకదాన్నొకటి దిద్దుకోనివ్వండి. ఎవరి లెక్క తప్పో ఎండే తేలుస్తుంది.